రైతు వివరముల భద్రత: సభ్యులు, సంఘములు తెలిసికొనవలసిన సంగతులు



వడ్లు అమ్మిన రైతు సంచులు లెక్కపెట్టుకొనును. తూకములో కిలో తగ్గినచో కొనుగోలు కేంద్రమువారిని నిలదీయును. అది న్యాయమే. కాని అదే కేంద్రములో ఆయన పట్టా పాసుపుస్తకము, ఆధారు, బ్యాంకు పుస్తకము మొదటి పుట, ఈ మూడింటి జిరాక్సు నకళ్ళు ఇచ్చి వచ్చును. అవి ఎవరి చేతిలో ఉన్నవి, డబ్బు ఖాతాలో పడిన తరువాత ఏమైనవి అని అడుగు రైతు మిక్కిలి అరుదు.

ఒకనాటి సాయంత్రము ఎల్లారెడ్డిలో బస్సు కొరకు వేచియుండి మిరపకాయ బజ్జీలు కొంటిని. పొట్లము విప్పి చూడగా నూనె మరకల క్రింద ఒక రైతు ఫొటో, ఆయన ఆధారు సంఖ్య, బ్యాంకు ఖాతా సంఖ్య స్పష్టముగా కనబడినవి. ఏ కార్యాలయములోనో బీరువా నిండి, పాత కాగితములను తూకమునకు అమ్మియుందురు. అమ్మినవానికి దురుద్దేశము ఉండకపోవచ్చును. కాని ఆ రైతు తన కాగితము ఇట్లు వీధిలోనికి వచ్చినదని ఎన్నటికిని ఎరుగడు. ఆ కాగితమును మడిచి జేబులో పెట్టుకొని, ఇంటికి వచ్చి పొయ్యిలో వేసితిని.

ఈ వ్యాసములో రెండు సంగతులు చెప్పదలచితిమి. రైతు తన వివరములను ఎట్లు కాపాడుకొనవలెననునది మొదటిది. పదిమంది వివరములు తన బీరువాలోను, కంప్యూటరులోను ఉంచుకొను సంఘము ఎట్లు మెలగవలెననునది రెండవది. మీలో అనేకులు సింగిల్ విండో సభ్యులు. కొందరు రైతు ఉత్పత్తిదారుల సంఘములలో డైరెక్టర్లు. కాన ఈ రెండును మీకు పనికివచ్చునవే.

ఏది దాచవలెను, ఏది దాచరాదు

అన్నింటిని దాచుట మంచిది కాదు. ధర బహిరంగముగా ఉండవలెను. పూర్వము అనేక మార్కెట్లలో వ్యాపారి, దలాలి రుమాలు క్రింద చేతులు కలిపి, వ్రేళ్ళు నొక్కి బేరము కుదుర్చుకొనెడివారు. సరుకు తెచ్చిన రైతు ప్రక్కనే నిలబడి ఏమియు తెలియక చూచెడివాడు. ఆ గుట్టు వ్యాపారికి లాభము, రైతుకు నష్టము. బహిరంగ వేలము వచ్చినది దానిని పోగొట్టుటకే. 2016 ఏప్రిల్ 14న ప్రారంభమైన జాతీయ ఎలక్ట్రానిక్ మార్కెట్టు, అనగా ఈ-నామ్, మొదటి విడతలోనే నిజామాబాదు యార్డు చేరినది. టెండరు పద్ధతిలో గడువు ముగియువరకు ఒక వ్యాపారి వేసిన ధర మరియొకనికి తెలియరాదు. ముగిసిన తరువాత ధర అందరికి తెలియవలెను. ఏది ఎంతవరకు గోప్యము, ఎప్పుడు బహిరంగము అను లెక్క ఇందులో చక్కగా కనబడుచున్నది.

ఇక దాచవలసినది మీ అవసరము. కామారెడ్డి గంజ్‌కు బెల్లము గాని, మక్కలు గాని తెచ్చిన రైతుకు ఫలానా తేదీన బ్యాంకు అప్పు గడువు ఉన్నదని, ఇంట్లో పెండ్లి ఉన్నదని అడ్తిదారుకు ముందే తెలిసినచో బేరము అప్పుడే సగము ముగిసినట్లు. రైతు సరుకు తిరిగి తీసికొనిపోలేడని ఎదుటివానికి తెలియును. ఎకరాకు అయిన ఖర్చు, ఇంట్లో నిలువయున్న బస్తాలు, అప్పు గడువు, ఈ మూడును రైతు వ్యాపార రహస్యములే. పెద్ద కంపెనీలు ఇట్టి వివరములను ఇనుప పెట్టెలో దాచును. మనము హోటలు బల్ల వద్ద, చాయి త్రాగుచు, వ్యాపారి గుమాస్తా వినుచుండగా చెప్పుకొందుము.

ఇప్పుడు ఆ గుమాస్తా హోటలుకు రానక్కరలేదు. పంట రుణము, ఎరువుల కొనుగోలు, పంట నమోదు అన్నియు కంప్యూటరులోనికి ఎక్కుచున్నవి. 2025 మే నెల నుండి తెలంగాణములో రైతులకు విశిష్ట సంఖ్య ఇచ్చుటకు నమోదు మొదలైనది. వ్యవసాయ వివరములను సంస్థలు ఒకదానికొకటి అందించుకొనుటకు వ్యవసాయ డేటా ఎక్స్చేంజి అను ఏర్పాటును 2023 ఆగస్టు 11న హైదరాబాదులో ప్రారంభించిరి. వీనివలన మేలు ఉన్నది; రుణము త్వరగా దొరకవచ్చును, వాతావరణ సలహా మీ పొలమునకు తగినట్లుగా రావచ్చును. కాని నీరు పారు కాలువకు తూము ఎట్లు అవసరమో, వివరములు పారు దారికి అనుమతి అట్లే అవసరము. ఎట్టి విచిత్రమో గాని, వ్యక్తిగత వివరముల రక్షణకు పార్లమెంటు చేసిన చట్టమునకు రాష్ట్రపతి ఆమోదము లభించినది కూడ సరిగా ఆనాడే. ఆ చట్టమును గూర్చి ముందు చెప్పెదము.

వేలిముద్ర సంగతి

పట్టా పుస్తకము పోయినచో మరియొకటి తీసికొనవచ్చును. రహస్య అంకె బయటపడినచో మార్చుకొనవచ్చును. వేలిముద్ర మారదు. అందువలన దీనిని గూర్చి కొంచెము విపులముగా వ్రాయవలసియున్నది.

2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి పోలీసులకు పట్టుబడెను. అతడు చేసిన పని ఇది. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటు నుండి భూముల క్రయవిక్రయ దస్తావేజుల నకళ్ళు తీసికొనెను. ఆ దస్తావేజులలో అమ్మినవారి, కొన్నవారి వేలిముద్రలు ఉండును. ఆధారు సంఖ్యలును ఉండును. రబ్బరు ముద్రలు చేయు సామగ్రితో ఆ వేలిముద్రలకు అచ్చులు పోసి, వానిని యంత్రముపై నొక్కి, వేల కొలది సిమ్ కార్డులను ఇతరుల పేరిట చలామణి చేసెను. అమ్మకముల లక్ష్యము పూర్తిచేయుటకే ఇంత పని! పెద్దపల్లి మనకు దూరదేశము కాదు. ఆ దస్తావేజులపై వ్రేలు పెట్టినవారు మనవంటి రైతులే. వారు చేసిన తప్పు ఏమియు లేదు. చట్టము అడిగినచోట వేలిముద్ర వేసిరి. ఒక పనికి ఇచ్చినది మరియొక పనికి వాడబడినది, అంతే.

సిమ్ కార్డుతో ఆగిన బాగుండెడిది. తరువాతి యేండ్లలో ఇట్టి నకిలీ ముద్రలతోనే బ్యాంకు ఖాతాల నుండి డబ్బు తీసిన ముఠాలు కూడ పట్టుబడినవి. ఊరిలో చిన్న యంత్రముతో డబ్బు ఇచ్చు ఏర్పాటు మీరు ఎరుగుదురు. దానికి కార్డు అక్కరలేదు, ఫోనుకు వచ్చు అంకె అక్కరలేదు. ఆధారు సంఖ్య, బ్యాంకు పేరు, వేలిముద్ర, ఈ మూడున్న చాలును. వృద్ధులకు ఇది ఎంతో సౌకర్యము. ఆ సౌకర్యమే దొంగకును సౌకర్యము.

దీనికి మందు ఉన్నది. ఆధారు సంస్థ వెబ్‌సైటులో గాని, ఎమ్-ఆధార్ యాప్‌లో గాని వేలిముద్రకు తాళము వేసికొనవచ్చును. తాళము వేసినచో ఎవరు ముద్ర వేసినను, చివరకు మీరు వేసినను, యంత్రము ఒప్పుకొనదు. రేషను దుకాణములోనో, యూరియా సంచి కొనునప్పుడో అవసరమైనప్పుడు కొద్ది నిమిషముల సేపు తాళము తీసి పని చూచుకొనవలెను. మరల అదియే పడును. దీనికి మీ ఫోను సంఖ్య ఆధారుకు కలిసియుండవలెను. తాళము వేసినట్లు ఇంట్లో చెప్పి ఉంచుడు. లేనిచో రేషను దుకాణము వద్ద యంత్రము పనిచేయుట లేదని డీలరుతో జగడము పెట్టుకొందురు. ఈ విషయములో సందేహములున్న 1947 సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే అడుగవచ్చును.

నాగలి పట్టిన చేతుల వేలిముద్రలు అరిగియుండుటవలన యంత్రము ఒకసారికి తీసికొనదు. "మరల వేయి పెద్దాయనా" అని రెండు మూడు సార్లు వేయించుట మామూలే. కాని మొదటిసారి పని అయినదో కాలేదో చీటీ చూడనిదే రెండవసారి వ్రేలు పెట్టరాదు. ప్రతి ముద్రకు ఒక చీటీ అడుగుడు. విఫలమైనను చీటీ వచ్చును. దీనికి ఎవరైన విసుగుకొన్నచో విసుగుకొననిండు.

కాగితపు నకలు ఇవ్వవలసివచ్చినప్పుడు దానిపై అడ్డముగా "ఫలానా సంఘమునకు, ఫలానా పనికి మాత్రమే" అని వ్రాసి, తేదీ వేసి, సంతకము చేయుడు. అక్షరములు ఫొటోను, సంఖ్యను కొంత తాకునట్లు వ్రాసిన, ఆ నకలు ఇంకొకచోట చెల్లుట కష్టమగును. మొదటి ఎనిమిది అంకెలు మరుగుపరచి చివరి నాలుగు మాత్రమే చూపు ఆధారు నకలు కూడ వెబ్‌సైటు నుండి లభించును. చాలా పనులకు అదే చాలును. సిమ్ కార్డు కొనుటకు ఆధారే ఇవ్వవలెనను నిర్బంధము లేదు. వేరొక గుర్తింపు పత్రము చూపవచ్చును. మీ పేరిట ఎన్ని సిమ్ కార్డులు ఉన్నవో "సంచార్ సాథీ" వెబ్‌సైటులో చూచుకొనవచ్చును. మీవి కానివి కనబడిన అక్కడనే తెలుపవచ్చును.

ఫోను విషయము క్లుప్తముగా చెప్పెదము. పీఎం కిసాన్ పేరిట, బ్యాంకు పేరిట వాట్సాప్‌లో వచ్చు ఏపీకే అను ఫైలును తెరువరాదు. తెలిసినవారి నుండి వచ్చినను తెరువరాదు; వారి ఫోను ముందుగా దొంగ చేతిలో పడియుండవచ్చును. ప్రభుత్వము రైతుకు డబ్బు వేయుటకు వాట్సాప్‌లో ఫైలు పంపదు.

సంఘము బీరువా

ఇప్పుడు సంఘముల సంగతి. ఒక రైతు అజాగ్రత్త వలన ఒక ఇల్లు నష్టపడును. సంఘము కార్యదర్శి అజాగ్రత్త వలన ఐదువందల ఇండ్లు నష్టపడును.

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము, పుట్టస్వామి అను విశ్రాంత న్యాయమూర్తి వేసిన కేసులో, గోప్యత ప్రతి పౌరుని ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవముగా తీర్పు చెప్పెను. ఆ తీర్పు వెనుక వచ్చినదే 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత దత్తాంశ రక్షణ చట్టము. దత్తాంశము అను మాటకు బెదరనక్కరలేదు; పేరు, ఫొటో, ఫోను సంఖ్య, ఖాతా సంఖ్య, ఇట్టి వివరముల మూటకే ఆ పేరు. దాని నియమావళి 2025 నవంబరులో వెలువడినది. ముఖ్యమైన బాధ్యతలు నెరవేర్చుటకు సంస్థలకు ఆ నియమావళి పదునెనిమిది నెలల గడువు ఇచ్చినది. అనగా 2027 మే నెల. గడువు ఉన్నదికదా అని ఊరకుండరాదు. విత్తనము ఎప్పుడు వేయవలెనో తెలిసిన రైతు దుక్కి ముందే దున్నును.

చట్టము కంప్యూటరులోనో, ఫోనులోనో ఉన్న వివరములకు వర్తించును. కాగితముపై వ్రాసికొని, తరువాత కంప్యూటరులోనికి ఎక్కించినను వర్తించును. మీరు మీ ఇంటి పద్దులు ఫోనులో వ్రాసికొనుటకు మాత్రము ఇది అడ్డురాదు. సంఘము సభ్యుని వివరములు తీసికొనునప్పుడు ఏ వివరము, ఏ పనికి అని తేటగా చెప్పవలెను. ఆ మాటను తెలుగులో కోరు హక్కు సభ్యునికి ఉన్నది. రాజ్యాంగము ఎనిమిదవ షెడ్యూలులోని భాషలన్నింటికి చట్టము ఈ అవకాశము ఇచ్చినది. ఆంగ్లములో నాలుగు పుటలు ముద్రించి చివర వేలిముద్ర వేయించుకొనుట అనుమతి అనిపించుకొనదు. ఇచ్చిన అనుమతిని సభ్యుడు వెనుకకు తీసికొనవచ్చును. ఇచ్చుట ఎంత సులువో, వెనుకకు తీసికొనుటయు అంతే సులువుగా ఉండవలెను. తన గురించి ఏమి వ్రాసియున్నదో చూపుమనవచ్చును, తప్పు ఉన్న దిద్దుమనవచ్చును. పదునెనిమిదేండ్లలోపు పిల్లల వివరములకు తల్లిదండ్రుల అనుమతి కావలెను.

పని తీరిన తరువాత వివరములను తొలగించవలెను. ఇక్కడ ఒక చిక్కు కలదు. ఇతర చట్టములు ఉంచుమన్న వానిని ఉంచవలసినదే. రైతు ఉత్పత్తిదారుల కంపెనీ తన లెక్కల పుస్తకములను ఎనిమిది సంవత్సరములు భద్రపరచవలెనని కంపెనీల చట్టము చెప్పుచున్నది. కాన ఎవరికి ఎంత చెల్లించితిమి అను పద్దు ఉండవలెను. కాని గత యాసంగిలో యంత్రము కిరాయికి తీసికొన్న రైతు ఆధారు నకలు ఇంకను బీరువాలో ఉండుటకు కారణము లేదు. అట్టివానిని చింపి కాల్చవలెను. తూకమునకు అమ్మరాదు. బజ్జీల సంగతి పైన చెప్పితిమి.

వివరములు దొంగల పాలైనచో దాచిపెట్టుట మొదటి తప్పుకంటె పెద్దది. బాధితులకు ఆలస్యము చేయక తెలుపవలెను. దత్తాంశ రక్షణ బోర్డుకు వెంటనే తెలిపి, డెబ్బదిరెండు గంటలలోగా పూర్తి వివరము పంపవలెను. తగిన భద్రత చేయని సంస్థకు చట్టము విధించగల జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉన్నది. ఇది వినినంతనే చిన్న సంఘములు తలుపులు మూసికొననక్కరలేదు. తప్పు ఎంతటిది, నష్టమెంత, సరిదిద్దుటకు ఏమి చేసిరి అనునవి చూచియే జరిమానా నిర్ణయించవలెనని చట్టములోనే ఉన్నది. మరియు ఇతరుని పేరు పెట్టుకొని మోసగించినను, పనికిమాలిన ఫిర్యాదులు చేసినను సభ్యునికి కూడ పదివేల వరకు జరిమానా కలదు. ఇదిగాక, ఒప్పందముపై పని చేయుచు తనకు అందిన వ్యక్తిగత వివరములను లాభము కొరకో, కీడు చేయుటకో బయటపెట్టినవానికి 2000 నాటి సమాచార సాంకేతిక చట్టము 72-ఏ సెక్షను క్రింద మూడేండ్ల వరకు ఖైదు పడవచ్చును.

ఆచరణలో ఇదంతయు చిన్న చిన్న పనులుగా ఉండును. బోనసు జాబితాను ఖాతా సంఖ్యలతో సహా వాట్సాప్ గుంపులో పెట్టు అలవాటు మానవలెను. పేరు, మొత్తము చాలును. ఖాతా సంఖ్య ఎవరిది వారికి విడిగా పంపవచ్చును. సంఘము లెక్కలకు సంఘము ఫోను ఉండవలెను. కార్యదర్శి సొంత ఫోనులో ఉంచిన, ఆయన ఉద్యోగము మానిననాడు సభ్యుల జాబితా ఆయన వెంట పోవును. ఏ వ్యాపారి ఏ ధర చెప్పినాడు, ఎరువుల కంపెనీ ఎంత తగ్గింపు ఇచ్చినది, గోదాములో ఎన్ని బస్తాలు నిలువయున్నవి, ఇవి సంఘమునకు చెందిన వ్యాపార రహస్యములు. మన దేశములో వ్యాపార రహస్యములకు ప్రత్యేక చట్టము లేదు. అట్టిది చేయవలెనని లా కమిషన్ 2024 మార్చిలో 289వ నివేదికలో సిఫారసు చేసినది. కావున మీకు రక్షణ ఒప్పంద పత్రమే. గుమాస్తాను నియమించునపుడే, సంఘము వివరములు బయట చెప్పనని, పని మానినపుడు అన్నియు అప్పగింతునని రెండు వాక్యములు వ్రాయించుకొనుడు. బంధువు అయినను వ్రాయించుకొనుడు. బంధువు అయినచో మరింత తప్పక వ్రాయించుకొనుడు.

విత్తన ఒప్పందములు

పొరుగున ఆర్మూరు, బాల్కొండ ప్రాంతములలో వ్యాపారులతో ఒప్పందముపై ఎర్రజొన్న విత్తనము పండించుట చాలాకాలముగా ఉన్నది. సంకర విత్తనము పండించు రైతుకు కంపెనీ ఆడ, మగ వరుసల మూల విత్తనము ఇచ్చును. ఆ మూల విత్తనమే దాని ఆస్తి, దాని రహస్యము. మిగిలినదానిని దాచుకొనుట, ఇతరులకు ఇచ్చుట ఒప్పంద భంగమగును. అట్లని రైతుకు విత్తనముపై హక్కే లేదనుకొనరాదు. మొక్కల రకముల సంరక్షణ, రైతుల హక్కుల చట్టము, 2001, 39వ సెక్షను ప్రకారము రక్షిత రకమునైనను రైతు తన పొలములో పండిన విత్తనమును దాచుకొనవచ్చును, మరల వేసికొనవచ్చును, ఇచ్చిపుచ్చుకొనవచ్చును, అమ్మవచ్చును. బ్రాండు పేరుతో మాత్రము అమ్మరాదు. ఈ హక్కు ఎంతవరకు, ఒప్పందము ఎంతవరకు అనునది సంతకమునకు ముందే తెలుగులో చదివించుకొనవలెను. ఒప్పందము ప్రతి ఒకటి మీకు ఇవ్వనిదే సంతకము వద్దు. ఖాళీ కాగితముపైనను, ఖాళీ చెక్కుపైనను ఎన్నడును వద్దు.

నకలు మరియొకచోట

భద్రత అనగా దొంగ నుండి కాపాడుట మాత్రమే కాదు. 2025 ఆగస్టు చివరిలో కామారెడ్డి జిల్లాపై కురిసిన కుండపోతకు పోచారం కట్ట ఏమగునో యని నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి రైతులు భయపడిన రాత్రి మీకు జ్ఞాపకముండును. ఇండ్లలోనికి నీరు వచ్చినచోట బియ్యముతోపాటు కాగితములును తడిసినవి. నష్టపరిహారమునకు అడుగునవి మరల ఆ కాగితములే. పట్టా పుస్తకము, బ్యాంకు పుస్తకము మందమైన ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి ఎత్తుగా ఉంచుడు. నకళ్ళు వేరే ఊరిలో నమ్మకమైన బంధువు ఇంట ఒక జత ఉంచుడు. సంఘము తన కంప్యూటరు లెక్కలను నెలకొకసారి వేరొక పరికరములోనికి ఎక్కించి, దానిని అదే గదిలో ఉంచక మరియొక భవనములో తాళము వేసి ఉంచవలెను.

ఇంత చేసినను ఖాతా నుండి మీకు తెలియకుండ డబ్బు పోయిన, వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయుడు. డబ్బు ఒక ఖాతా నుండి ఇంకొక ఖాతాకు మారకముందే ఆపుటకు ఈ సంఖ్య. కాన తెల్లవారనిమ్మని, కొడుకు పట్నము నుండి రానిమ్మని ఆగరాదు. తరువాత మీ బ్యాంకు శాఖలో వ్రాతమూలకముగా తెలిపి, తేదీ వేసిన రసీదు తీసికొనుడు. తప్పు మీది గాని బ్యాంకుది గాని కానప్పుడు మూడు పనిదినములలోగా తెలిపిన ఖాతాదారుపై నష్టము పడరాదని రిజర్వు బ్యాంకు 2017లో ఉత్తరువు ఇచ్చియున్నది. ఫోనుకు వచ్చిన బ్యాంకు సందేశమును చెరపివేయక ఉంచుడు. ఆ సందేశము, బ్యాంకు రసీదు, ఖాతా పుస్తకము, ఈ మూడు తీసికొని మీ ఠాణాకు వెళ్ళుడు.